మనోవ్యాధికి దోషి ఎవరు?

తెలంగాణలోని తొర్రూరు చుట్టుపక్కల పల్లెల్లో ఒక మనిషికి కాలు విరిగితే ఎట్లా విరిగిందని అడుగుతారు, మతి చలిస్తే మాత్రం ఎవరి వల్ల చలించిందని అడుగుతారు. మొదటి ప్రశ్న కట్టు కట్టించే దారి చూపుతుంది, రెండోది దోషిని వెతికే దారి పట్టిస్తుంది. దోషి దొరికేదాకా వైద్యం వాయిదా పడుతుంది, దొరికిన తర్వాత వైద్యంతో పనేముందనిపిస్తుంది. మనోవ్యాధి వచ్చిన వ్యక్తినీ అతని ఇంటినీ మచ్చపడ్డవారుగా లెక్కగట్టి పెళ్లి సంబంధాల నుంచి, ఆస్తి పంపకాల నుంచి, నలుగురిలో మాట విలువ నుంచి తప్పించే ఈ తీరును సామాజిక శాస్త్రకారులు కళంకం అంటారు. కళంకం అజ్ఞానం నుంచే పుడుతుందని, గోడల మీద నినాదాలు రాసి నాలుగు సభలు పెడితే పోతుందని సాధారణంగా అనుకుంటారు గాని, దాని వేరు ఇంకా లోతున ఉంది. బాధ ఉన్నచోట నేరం కూడా ఉండి తీరాలన్న నమ్మకమే ఆ వేరు. ఆ నమ్మకం తత్త్వానికీ మతానికీ చెందినది కాబట్టి, దానికి జవాబు కూడా అక్కడి నుంచే రావాలి.

ఈ ప్రాంతంలో మనసు కుంగినప్పుడు తొలిదశలో వాడే మాటల్లో నింద లేదు. రంది పెట్టుకున్నాడని, బుగులు పడ్డదని, పానం బాగ లేదని చెప్పుకుంటారు. ఈ మాటలు చెప్పేవారికి, వినేవారికి మధ్య ఆదరణ ఉంటుంది. రాత్రిళ్లు నిద్ర లేకపోవడం, తనలో తాను మాట్లాడుకోవడం, ఎవరికీ వినిపించని గొంతులు వినిపించడం మొదలయ్యాకే తీర్పులు బయలుదేరతాయి. కొందరు గాలి సోకిందంటారు. కొందరు ఎవలో చేసిండ్రంటారు. చేసుకున్నోళ్లకు చేసుకున్నంత అని పెద్దవాళ్లు నిట్టూరుస్తారు. చదువుకున్నవారు ఇవన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేసి, గుండె ధైర్యం లేకపోవడమే కారణమని, మనసును రాయి చేసుకోవాలని సలహా చెబుతారు. ఈ చివరి మాట ఆధునికంగా వినిపించినా చేసేది ముందు మాటలు చేసే పనే. తప్పును దయ్యం మీది నుంచో పూర్వజన్మ మీది నుంచో తీసి నేరుగా బాధితుడి వ్యక్తిత్వం మీద పెడుతుంది.

వీటిలో చేతబడి తీర్పు గురించి కొంత నిలిచి ఆలోచించాలి. తెలంగాణలో బాణామతి అని కూడా పిలిచే ఈ నమ్మకం ప్రకారం, రోగానికి రోగి బాధ్యుడు కాడు, మరెవరో మంత్రం వేశారు. అందువల్ల రోగి ఇంటివారికి ఇది మొదట ఊరటగా తోస్తుంది, తమ బిడ్డలో లోపం లేదని ధైర్యం వస్తుంది. అయితే ఈ పద్ధతిలో నేరం మాయమైపోదు, చేతులు మారుతుంది. అది చేరేది సాధారణంగా ఊరిలో బలం లేని మనిషి దగ్గరికి, అంటే ఒంటరి విధవరాలి దగ్గరికో, పసరు మందులు తెలిసిన ముసలివాడి దగ్గరికో, అంటరానితనానికి గురైన కులాల ఇంటికో. మంత్రాల నెపంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు తెలంగాణ జిల్లాల నుంచి ఈనాటికీ వస్తూనే ఉన్నాయి. ఒక ఇంటి మచ్చను తుడిచేందుకు మరొక ఇంటికి నెత్తురు మరక అంటించే ఈ లెక్కలో ఎక్కడా ఎవరికీ స్వస్థత చేకూరదు, రోగి రోగిగానే మిగులుతాడు.

కర్మ తీర్పు ఇంతకంటే గంభీరమైనది, అందువల్ల దానికి మరింత జాగ్రత్తగా జవాబు చెప్పాలి. భారతీయ వైద్యంలో మనోవ్యాధిని విస్తారంగా చర్చించిన తొలి గ్రంథాలలో ఒకటైన చరకసంహిత ఉన్మాదాన్ని, అంటే బుద్ధి, స్మృతి, ప్రవర్తన తప్పిపోయే స్థితిని, ఐదు విధాలుగా విభజించింది. వాత పిత్త కఫాలలో ఒక్కొక్కదాని వల్ల వచ్చేవి మూడు, మూడూ కలిసి కోపించడం వల్ల వచ్చేది నాలుగోది, బయటి కారణం వల్ల వచ్చేది ఆగంతుకమనే ఐదోది. ఈ ఐదోదాన్ని లోకం దేవతలకూ పిశాచాలకూ అంటగడుతుంటే, తనకు తాను హాని చేసుకోని మనిషిని ఏ దేవుడూ ఏ రాక్షసుడూ పీడించడని రోగకారణాలు చెప్పే నిదానస్థానంలోనే గట్టిగా చెప్పి, దేవతలనూ పిశాచాలనూ నిందించవద్దని చరకుడు వారిస్తాడు. అంత ప్రాచీన కాలంలో దయ్యాల భయాన్ని ఇంత సూటిగా ఎదుర్కోవడం గొప్ప విషయమే. కాని ఆ వెంటనే ఆయన రోగానికి మూలం ప్రజ్ఞాపరాధమని, అంటే బుద్ధి దారి తప్పి చేసిన పనుల ఫలమని అంటాడు. దయ్యం తలుపు మూసి కర్మ తలుపు తెరిచినట్టయింది. పిశాచం నుంచి విడుదలైన రోగి ఇక్కడ తన రోగానికి తానే నేరస్థుడయ్యాడు. చికిత్సాస్థానంలో ఓదార్పు, ప్రియవచనం, ఇష్టమైన వస్తువులివ్వడం వంటి మృదువైన ఉపాయాల పక్కనే బంధించడం, బెదిరించడం కూడా కనబడడం ఆ ద్వంద్వానికి తగినట్టే ఉంది.

ఇదే ప్రశ్నను బుద్ధుడు వేరొక మార్గంలో పరిష్కరించాడు. పాళీ సూత్రపిటకంలోని సంయుత్తనికాయంలో శివకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలాలేనని కొందరు చెబుతున్నారు, తమరేమంటారని అడిగినప్పుడు, బుద్ధుడు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, వాటి కలయిక, ఋతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బ, వీటన్నిటి వల్లా బాధలు పుడతాయని, కర్మఫలం ఎనిమిదో కారణం మాత్రమేనని చెప్పి, అన్నిటికీ కర్మనే కారణం చేసేవారు తమకు తెలిసినదాన్నీ లోకానికి తెలిసినదాన్నీ దాటిపోతున్నారని తప్పు పట్టాడు. కర్మను బుద్ధుడు నిరాకరించలేదు, దాన్ని ఒక స్థానంలో కూర్చోబెట్టాడు. తొర్రూరుకు ఎక్కువ దూరం లేని ఫణిగిరి కొండమీది బౌద్ధారామంలో, ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరంలో ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించినవాడు ఒక ప్రధాన వైద్యుడని అక్కడి శాసనం తెలుపుతున్నది. రోగకారణాలను వెతకడమే వృత్తిగా గల మనిషి ఆ ధర్మానికి చక్రం నిలబెట్టడంలో వింతేమీ లేదు.

కర్మసిద్ధాంతం ఓదార్పు కూడా కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. ఇరవై ఏళ్లుగా మతి స్థిమితం లేని కొడుకును సాకుతున్న తల్లి ఇది నా కర్మ అనుకొని ఆ మాటతోనే మరుసటి పూట వంటకు లేచే సందర్భాలు ఎన్నో ఉంటాయి, ఆ బలాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ తల్లి నోటిలో ఓర్పుగా ఉన్న మాట పొరుగింటివారి నోటిలోకి వెళ్లగానే శిక్షగా మారుతుంది. కర్మ గురించిన మాట ఎవరికి వారు తమ విషయంలో మాత్రమే అనుకోదగినది. మరొకరి పూర్వజన్మ ఎవరికీ కనబడదు, కర్మగతి అంతుచిక్కనిదని గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు. అంతుచిక్కనిదాన్ని ఆధారం చేసుకొని పక్కింటివాడి మీద తీర్పు చెప్పేవారు ఏ గ్రంథాన్ని అనుసరిస్తున్నామనుకుంటున్నారో దానికే విరుద్ధంగా నడుస్తున్నారు. పైగా, ఎదుటివాడి బాధ అతని కర్మఫలమే అనుకున్నా, దాన్ని చూసి పక్కకు తప్పుకోవడం చూసినవాడి కొత్త కర్మ అవుతుంది.

దోషిని వెతికే ఈ అలవాటు పల్లె నమ్మకాలతో ఆగలేదు, ప్రభుత్వ కాగితాల్లోకీ ఎక్కింది. 1997-98లో నాటి ఉమ్మడి వరంగల్ జిల్లాలో, తొర్రూరు అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది, పత్తి పంటను పురుగు తినేసి, ఎన్ని మందులు కొట్టినా లొంగక, అప్పులు మీదపడి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత 2004లో జారీ అయిన జీవో 421 కింద రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం, 2015 నుంచి తెలంగాణలో 6 లక్షలు ప్రకటించారు. ఆ సాయం అందాలంటే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులతో కూడిన త్రిసభ్య కమిటీ ఇంటికి వచ్చి విచారించి, చావుకు కారణం సాగు అప్పేనని తేల్చాలి. అక్కడ కూర్చొని జవాబు చెప్పవలసిన భార్య స్థితిని ఊహించాలి. పాస్‌బుక్కు, అప్పు కాగితాలు, ఎరువుల దుకాణం చిట్టీలు చాపమీద పరచి, ఆయన కొన్ని నెలలుగా అన్నం సరిగా తినలేదని, నిద్రపోలేదని, ఎవరితో మాట్లాడలేదని చెబితే అవతలివారు దాన్ని మానసిక సమస్యగా రాసుకుంటారేమోనని, తాగాడంటే కుటుంబ కలహమంటారేమోనని భయం. అప్పు మనసును కుంగదీస్తుంది, కుంగిన మనసు తాగుడును పట్టుకుంటుంది, తాగుడు ఇంట్లో గొడవ తెస్తుంది. ఒకే గొలుసులోని ఈ లంకెలను విడదీసి ఏదో ఒకదాన్ని అసలు కారణంగా చూపమనడం బాధను అర్థం చేసుకోవడం కాదు, దానిలో అర్హతను వెతకడం. మనసు జబ్బు ఉందని ఒప్పుకుంటే మరణానికి విలువ తగ్గిపోతుందన్న పాఠం ఆ విధంగా ఊరూరా పాకింది. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల వయసున్న రైతు ఏ కారణంతో మరణించినా 5 లక్షలు ఇవ్వడం వల్ల ఆ కారణాల పరీక్ష చాలావరకు తప్పిపోయింది. ఆ పథకానికి గల ఇతర లోపాలు ఎన్నున్నా, సొంత భూమి లేని కౌలురైతును వదిలేయడం వాటిలో పెద్దదైనా, చనిపోయినవాడి మనసును నేరంగా చూడకుండా భార్యాపిల్లలకు సాయమివ్వడం ఒక నైతికమైన ముందడుగు.

చట్టం ఈ దారిలో మెల్లగానే నడిచింది. పిచ్చివారికి ఆస్తిలో వాటా లేదని, అయితే జీవితాంతం తిండీ బట్టా ఇచ్చి తీరాలని మనుస్మృతి అన్నది. ఆ ధోరణిలోని నియమాలను ధర్మశాస్త్ర వ్యాఖ్యానమైన మితాక్షర వివరించింది, కవి కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చింది ఆ మితాక్షరనే. ఏ రోగమూ ఏ లోపమూ వారసత్వానికి అడ్డు కారాదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో గాని స్థిరపడలేదు. మూర్ఛరోగం హిందూ వివాహ చట్టంలోని అనర్హతల జాబితా నుంచి 1999లో గాని తొలగలేదు. ఆత్మహత్యాయత్నం చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పినా, ఆ యత్నాన్ని నేరంగా చూసిన పాత సెక్షన్ 309 శిక్షాస్మృతిలో 2024 జూలై దాకా ఉంది.

చట్టం మారినంత త్వరగా సంబంధాలు చూసుకునే పద్ధతి మారదు. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు విచారించాలన్న సామెత ప్రకారం పెళ్లి చూపులకు ముందే బంధువులు ఊళ్లోకి వచ్చి కూపీ లాగుతారు కాబట్టి, అన్నకు వచ్చిన జబ్బును చెల్లి పెళ్లి అయ్యేదాకా దాచవలసి వస్తుంది. అందుకే హనుమకొండకో వరంగల్‌కో బస్సెక్కేవారు మనోవైద్యుడి దగ్గరికి వెళ్తున్నామని చెప్పరు, నరాల డాక్టర్ దగ్గరికంటారు. మందు పట్టీలను బియ్యం డబ్బాలో దాచి, చీటీని చించేసి, నాలుగు నెలలకు కాస్త నయం కాగానే మందు ఆపేస్తారు. ఆపిన మందు వల్ల జబ్బు తిరగబెడితే ఊరి నమ్మకం మరింత గట్టిపడుతుంది, ఇది తగ్గే రోగం కాదని అందరూ తేల్చేస్తారు. నిజాం కాలంలో జాల్నాలో ఉండి 1953లో హైదరాబాద్‌కు తరలివచ్చిన మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే అలవాటు ఈనాటికీ ఉంది. అక్కడికి తీసుకుపోవలసిన ఇంటివారు ఆ తిట్టు విన్న ప్రతిసారీ ఒక ఏడాది వెనక్కి తగ్గుతారు. 2015-16లో మానసిక ఆరోగ్య జాతీయ సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవయసు వారిలో నూటికి దాదాపు 10.6 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు, రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందనట్టు తేలింది. ఆ 12లో తెలుగు రాష్ట్రాలు లేకపోయినా ఇక్కడి స్థితి అంతకంటే మెరుగని అనుకునేందుకు ఆధారం లేదు. ఎవరి చెవినా పడకుండా ఇంటి నుంచే మాట్లాడేందుకు 2022 అక్టోబర్ 10 నుంచి టెలీ మానస్ నంబర్ 14416 అందుబాటులో ఉంది, అయితే ఆ నంబర్ తిప్పాలంటే కూడా తనకు జబ్బున్నదని తనకు తాను ఒప్పుకోవాలి.

ఇంత కఠినంగా ఉండే ఊరే సంవత్సరంలో కొన్ని రోజులు మామూలు స్పృహ దాటిన మనిషికి చేతులు జోడిస్తుంది. కురవి వీరభద్రుని జాతరలోను, ఐనవోలు మల్లన్న దగ్గరను శివసత్తులు శిగమూగినప్పుడు, అంటే దేవత ఒంటిమీదికి వచ్చి తల విరబోసుకొని ఊగినప్పుడు, వారి మాటను వినేందుకు పెద్దలు కూడా తలవంచి నిలబడతారు. తొర్రూరు సమీపంలోని పాలకుర్తిలో పుట్టాడని చెప్పుకునే కవి సోమనాథుడు బసవపురాణంలో ముగ్ధభక్తుల కథలు చెప్పాడు. శివుడు విషం మింగాడని పురాణంలో విని తట్టుకోలేక, ఆ విషం కక్కేదాకా తాను నీళ్లలోంచి లేవనని మడుగులో దిగిన రుద్రపశుపతి వాటిలో ఒకడు. ఇతర ప్రమాణాలతో చూస్తే మతి తప్పినవాడుగా కనబడే అతన్ని కవి నెత్తిన పెట్టుకున్నాడు. ఈ గౌరవాన్ని చూసి, మన సంస్కృతిలో పిచ్చికి పవిత్ర స్థానముంది కాబట్టి కళంకం బయటి నుంచి వచ్చిందని వాదించడం తొందరపాటు. శిగమూగిన మనిషి జాతర ముగియగానే ఇంటికి తిరిగి వెళ్లి పనిలో పడుతుంది, ఆమె మాటకు అర్థం చెప్పే గుడి ఉంది, డప్పు ఉంది, తేదీ ఉంది. మనోవ్యాధి గల మనిషికి ఇవేవీ లేవు. అయినా ఈ పోలికలో గమనించవలసింది ఒకటుంది. అసాధారణమైన మాటకు భయపడకుండా చుట్టూ కూర్చొని వినే శక్తి ఈ సమాజానికి ఇప్పటికే అలవడి ఉంది, కాకపోతే అది చాలావరకు జాతరకే పరిమితమై ఉంది.

ఆ శక్తి ఏడాది పొడవునా పనిచేసే చోటు ఒకటి ఈ ప్రాంతంలోనే ఉంది. పర్వతగిరి మండలంలోని అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షావలి దర్గాకు హిందువులూ ముస్లింలూ ఒకటిగా వస్తారు, మొక్కు తీరితే కందూరు చేస్తారు, అంటే మేకను కోసి వండి బంధువులకు భోజనం పెడతారు, పుట్టిన పిల్లలకు యాకయ్య, యాకమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఈ పేర్లు వినబడని ఊరుండదు. గాలి సోకిందని భావించిన మనుషులను కూడా అక్కడికే తీసుకువస్తారు. ఇలాంటి చోట్ల పట్ల చదువుకున్నవారి వైఖరి సాధారణంగా రెండు రకాలు, ఏవగింపో ఆరాధనో. రెండూ పొరపాటేనని తమిళనాడులోని రెండు చోట్ల అనుభవం చూపుతుంది. రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా చుట్టూ వెలసిన ఒక ఆశ్రయంలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది మరణించారు. ఆ గొలుసులను ఇప్పుడు 2017 చట్టం నిషేధిస్తున్నది. మరోవైపు, అదే రాష్ట్రంలో వేలాయుధంపాళయంపుదూర్ అనే పల్లెలోని ముత్తుస్వామి గుడిలో ఉన్న 31 మంది రోగులను నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం ప్రకటించారు. సగటున ఆరు వారాలు అక్కడ ఉన్నవారిలో రోగ లక్షణాల కొలత దాదాపు 20 శాతం తగ్గింది. ఆ గుడిలో ప్రత్యేకమైన మంత్రమో తంత్రమో లేదు. తోడుగా వచ్చిన ఇంటి మనిషితో కలిసి ఉండడం, ఉదయపు పూజకు కూర్చోవడం, గుడి ఆవరణ ఊడవడం, చెట్లకు నీళ్లు పోయడం వంటి చిన్న పనులు చేయడం, ఇంతే. ఆ దినచర్యలో దోషిని వెతికే పని కనబడదు. 31 మంది చిన్న సంఖ్యే, దాని మీద పెద్ద సిద్ధాంతాలు కట్టడం తగదు. అయినా ఏర్వాడి ఆశ్రయానికీ ఈ గుడికీ మధ్య తేడా మతంలో లేదని, మచ్చ వేసే చూపు ఉండడంలోనూ లేకపోవడంలోనూ ఉందని అది గట్టిగా సూచిస్తున్నది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర దవా-దువా పేరుతో నడిచిన పని మరో అడుగు ముందుకు వేసింది. దర్గా సేవకులైన ముజావర్లే రోగి లక్షణాలను గుర్తించి, ప్రార్థన చేయించి, అక్కడే కూర్చున్న మనోవైద్యుడి దగ్గరికి పంపేవారు. ప్రార్థన చేసిన చేతులే మందును కూడా అందిస్తే దాన్ని బియ్యం డబ్బాలో దాచవలసిన అవసరం ఉండదు. అన్నారంలో అటువంటి ఏర్పాటు జరిగితే తొర్రూరు నుంచి హనుమకొండ దాకా వెళ్లలేని ఎందరికో అది మొదటి మెట్టు అవుతుంది.

దర్గా నిలిచిన ఇస్లాం సంప్రదాయంలోనే దోషం గురించి సూటి సమాధానం ఉంది. నిద్రించేవాడు మేలుకొనేదాకా, పసివాడు ఎదిగేదాకా, మతి తప్పినవాడు తేరుకొనేదాకా వారి పనులను లెక్కరాసే కలం ఎత్తివేయబడుతుందని ప్రవక్త బోధగా హదీసు సంకలనాలు చెబుతాయి. దేవుడే లెక్క రాయని చోట పొరుగువారు ఖాతా తెరవడం తగదన్నది దాని నుంచి సహజంగా వచ్చే అర్థం.

ఈ విషయాన్ని దైవానికి వదిలేయకుండా మనుషుల చేతిలో పెట్టిన ఒక ఏర్పాటు బౌద్ధ వినయంలో ఉంది. వినయమంటే భిక్షు సంఘాన్ని నడిపే నియమావళి. గగ్గుడనే భిక్షువు మతి చలించి, ఆ స్థితిలో సన్యాసికి తగని పనులెన్నో చేశాడు, అనరాని మాటలన్నాడు. తర్వాత కోలుకున్నాడు. కాని తోటి భిక్షువులు ఫలానా తప్పు చేశావు, గుర్తున్నదా అని నిలదీయడం మానలేదు. నాకు మతి లేనప్పుడు జరిగింది, నాకు జ్ఞాపకం లేదు అని ఎంత చెప్పుకున్నా వినలేదు. ఈ సంగతి తెలిసి బుద్ధుడు అమూఢవినయమనే పద్ధతిని విధించాడు. కోలుకున్న వ్యక్తి సంఘం ముందుకు వచ్చి ముమ్మారు అడగాలి, సంఘం తీర్మానాన్ని చదివి, ముమ్మారు ప్రకటించి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అతని మతి చలించిన కాలపు పనులను ఇకపై ఎత్తరాదని నిర్ణయించాలి. గుర్తున్నా లేదని నటించేవానికి ఇది వర్తించదన్న షరతు కూడా ఉంది కాబట్టి దీన్ని ఉదారమైన మతిమరుపుగా కొట్టిపారేయలేము, ఇది పద్ధతి ప్రకారం జరిగే న్యాయ నిర్ణయం. దీనిలోని లోతు ఏమిటంటే, గగ్గునికి జబ్బు అప్పటికే నయమైంది, మిగిలింది చుట్టూ ఉన్నవారి జబ్బు. నలుగురూ కలిసి వేసిన మచ్చను ఒక వైద్యుడు తుడవలేడు, బాధితుడి ఆత్మవిశ్వాసం తుడవలేదు, వేసిన నలుగురే మళ్లీ కూర్చొని తీసివేయాలి.

తొర్రూరు మండలంలో ఏ ఊరికి వెళ్లినా అటువంటి సభకు కావలసిన రూపం సిద్ధంగానే ఉంది. కులసంఘాలున్నాయి, గ్రామపంచాయతీ ఉంది, మహిళా పొదుపు సంఘాలున్నాయి. భార్యాభర్తల తగవులను, గట్టు తగాదాలను, పెళ్లి మాటలను తీర్చేది ఇప్పటికీ ఈ సంఘాల పెద్దమనుషులే. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన మనిషి జబ్బులో అన్నదాన్ని, చేసినదాన్ని ఇకపై పంచాయితీలోగాని పెళ్లి సంబంధాలలోగాని సాక్ష్యంగా ఎత్తరాదని ఒక కులసంఘం తీర్మానం చేసి పుస్తకంలో రాసుకోవడానికి ఏ కొత్త చట్టమూ అక్కరలేదు. అట్లా రాసుకున్న మొదటి ఊరిలో చెల్లెలి పెళ్లికి ముందు అన్న మందు పట్టీలను దాచవలసిన అగత్యం తప్పుతుంది.